కళ్ళానికి కదిలిన కుర్చీ

"ఓలమ్మో, పడిపోతన్నాడు! పట్టుకోండర్రా!"

తాయారు కేక పెట్టేలోపే చక్రాల కుర్చీ ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. ఆమె భర్త నరసింగరావు కాళ్ళు ఆకాశం వైపు, తల నేల వైపు! మరిది జగన్నాధం వెనకనుంచి రెండు చేతులూ అడ్డం పెట్టబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ పూట ఆ యింట్లో ఏం జరిగి ఉండేదో! కుర్చీ వెనక వేలాడదీసిన ఆక్సిజన్ గాలి బుడ్డి మాత్రం తన తప్పేమీ లేనట్టు గచ్చుకి ఠంగుమని ఒక్కటి కొట్టుకుని ఊరుకుంది.

"బరువు ఎనక్కి లాగీసినాదండి..." అని రాజాం నుంచి పిలిపించిన సైకిలు షాపు ఎల్లాజీ బుర్ర గోక్కున్నాడు.

"లాగీదా మరి! సైకిలెనక పాలకేను కట్టినట్టు కట్టీసినావు! ముందర మడిసి కూకుంటాడని తెలీదేటి నీకు?" తాయారు అరిచింది. అది ఏడుపో కోపమో ఆమెకే తెలియలేదు.

"ఒసే తాయారూ... ఒగ్గెయ్... నాకీ కుర్చీ ఒద్దు... లోపలికి తీసుకుపొండి." నరసింగరావు మాట మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతూ అన్నాడు.

ఒద్దట! ఆ మాట వినేసరికి తాయారుకి ఒళ్ళు మండిపోయింది. దసరా వెళ్ళినప్పటి నుంచీ ఆ యింట్లో ఎవరి నోట విన్నా అదే మాట! గంజి తాగు బావా అంటే ఒద్దు. మందు మింగు అంటే ఒద్దు. కాసేపు వీధిలోకి రా అంటే ఒద్దు. అత్తగారినడిగితే ఈ యినప బుడ్డి ఇంట్లో ఒద్దు, మరిదినడిగితే అన్నయ్యని కదపొద్దు! అందరూ ఒద్దు ఒద్దు అని చేతులు దులిపేసుకుంటే, కావాలి అనే మనిషి ఆ యింటి మొత్తానికి తనొక్కర్తేనా? తన కష్టం ఎవరికి చెప్పుకోవాలి! దేవుడికి చెప్పుకుందామన్నా, పూజగది కూడా అత్తగారి చేతిలోనే ఉందాయె!

నరసింగరావు ఎలాంటి మనిషి! పొద్దున్న పొలం, మధ్యాహ్నం నుంచి రాజాంలో ధాన్యం మిల్లు. ఆ మిల్లులో తనకీ ఓ వాటా ఉంది గదా అని గద్దెమీద కూర్చుని పెత్తనం చేశాడా అంటే, అదీ లేదు. తవుడు గదిలో, ఊక కుప్పల మధ్య, కూలీలతో సమానంగా ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చాడు. "కండువా మూతికి చుట్టుకో బావా" అని తాయారు ఎన్నిసార్లు పోరు పెట్టిందో! "నాకేటవుతాదే" అని నవ్వేసేవాడు. ఇప్పుడు మంచం మీదనుంచి లేచి గుమ్మందాకా నడిస్తే పెదాలు నల్లబడిపోతున్నాయి. విజయనగరంలో డాక్టరుగారు చూసి, ఊపిరితిత్తులు ఇంక మునుపట్లా అవవని తేల్చేశారు. విశాఖపట్నం నుంచి లారీలో ఆక్సిజన్ సిలిండర్లు తెప్పించుకునే ఏర్పాటు ఆయనే చేయించారు. పెద్దది మంచం పక్కన ఉంచుకోడానికి, చిన్నది వెంట తీసుకెళ్ళడానికి. దాని మూతికి ఒక మీట, నీళ్ళు పోసిన గాజుసీసా, రబ్బరు గొట్టం, ముక్కుకి తగిలించుకునే తొడుగు. ఇంట్లోవాళ్ళకి ఆ పేరు నోరు తిరక్క గాలి బుడ్డి అని పిలుచుకుంటున్నారు.

"గదిలో పడేసి ఉంచకమ్మా. కుర్చీలో కూర్చోబెట్టి తిప్పు. సిలిండరు మాత్రం వెంట ఉండాలి" అన్నారు డాక్టరుగారు. తిప్పమని చెప్పడం తేలికే! బొబ్బిలిలో ఒక పెద్దింటివాళ్ళు వాడి వదిలేసిన చక్రాల కుర్చీని తాయారు బండిమీద వేయించి తెచ్చుకుంది. కుర్చీ మనిషిని మోస్తుంది, బాగానే ఉంది. బుడ్డినెవరు మోస్తారు? పక్కన ఒకడు పట్టుకుని నడిస్తే, వాడి నడక ఒకలా, చక్రాల నడక ఒకలా... గొట్టం ఊడి చేతికొస్తోంది. అందుకే ఈ ఎల్లాజీ, ఈ ఇనప కొక్కేలు, ఈ గొడవా.

అంత అవసరం ఏమొచ్చిందని మీరడగొచ్చు. వచ్చింది. కళ్ళం వచ్చింది!

ఆ యింట్లో తాతల నాటినుంచీ ఒక ఆచారం ఉంది. కుప్ప నూర్చి, తూర్పారబట్టి, ధాన్యం రాశి పోశాక మంచిరోజు చూసి మొదటి కుంచం ఇంటి పెద్దకొడుకు కొలవాలి. తర్వాత ఎవరైనా కొలవచ్చు. మొదటిది మాత్రం అతని చేతి మీదుగానే జరగాలి. మామగారు పోయిన ఏటినుంచీ ఆ కుంచం నరసింగరావుదే. ఈ ఏడు నూర్పులు మొదలవగానే, "తమ్ముడు కొలుస్తాడులే" అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజునుంచి అతను తినే నాలుగు ముద్దలు రెండయ్యాయి. పంట ఎంత పండిందని అడగడు. ఎద్దుకి జబ్బు చేసిందంటే ఉలకడు. తాయారుకి అర్థమైపోయింది. కుంచం వదిలేసినవాడు ఊపిరి కూడా వదిలేసుకోడానికి సిద్ధపడ్డాడు! అందుకే ఆమె పట్టుబట్టింది. ఏమైనా సరే, ఎవరేమన్నా సరే, బావ కళ్ళానికి వెళ్ళాలి, కుంచం బావ చేతిలోనే ఉండాలి. అంతే.

ఈ పంతం ఒక పక్క, అత్తగారు లక్ష్మీనరసమ్మ ఒక పక్క. ఆవిడకి కొడుకంటే ప్రాణం. పొద్దస్తమానం మంచం పక్కనే కూర్చునేది. కూర్చుంటే కూర్చుంది, నోట్లో చుట్ట ఒకటి! ఆ వయసు ఆడవాళ్ళందరిలాగే ఆవిడదీ అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోటిలోపల, చల్లకొస బయట. గాలి బుడ్డి దించిన లారీవాడు "దీని దగ్గర నిప్పు పెట్టకండమ్మా, భగ్గుమంటాది" అని పదే పదే చెప్పి వెళ్ళాడు. తాయారు ఆ మాట చెప్పబోతే...

"నిప్పెక్కడున్నాదే? నా నోట్లో కదేటున్నాది! బయటకేటైనా కనపడతన్నాదా?" అంది లక్ష్మీనరసమ్మ.

ఇలాంటి మాటకి ఏ కోడలు ఏం జవాబు చెప్పగలదు! తాయారు నచ్చచెప్పింది, బతిమాలింది, చివరికి విసిగిపోయి, "సుట్ట కావాలంటే పెరట్లోకెళ్ళత్తా, ఈ గదిలోకి మాత్రం ఒద్దు!" అనేసింది. అంతే, ఆవిడ కొంగు దులుపుకుని లేచిపోయింది. ఆ రోజునుంచి కోడలితో మాట్లాడటం మానేసింది. ఏం చెప్పాలన్నా గోడకి చెప్పేది, పెరట్లో ఆవుకి చెప్పేది. "కన్నతల్లిని కొడుకు దగ్గిర కూకోనీని ఇళ్ళు కూడా ఉంటాయే గంగా!" అని ఆవుతో అంటుంటే, వంటింట్లో తాయారు గరిట విసిరికొట్టి, మళ్ళీ తనే వంగి తీసుకునేది.

సరే, కుర్చీ సంగతి. రెండోసారి ఎల్లాజీ బుడ్డిని కుర్చీకి ఎడంపక్క బిగించాడు. ఈసారి వెనక్కి పడలేదు గానీ, తోస్తున్నకొద్దీ ఎడమకే లాగేసి, వసారాలోంచి బయల్దేరిన కుర్చీ వాకిట్లో తులసికోట దగ్గర తేలింది. కుడివైపు ఇసకమూట కడదామన్నాడు జగన్నాధం. ముందు కడదామన్నాడు ఎల్లాజీ. వెనక ఇంకో చిన్న చక్రం పెడదామని మళ్ళీ జగన్నాధమే అన్నాడు. బండికి ముందు మొగ్గు ఎంతుండాలి, వెనక మొగ్గు ఎంతుండాలి అని ఇద్దరూ పుట్టి బస్తాల లెక్కలోకి దిగిపోయారు. కుర్చీలో ఉన్న మనిషిని ఇద్దరూ మరిచిపోయారు! అతను కళ్ళు మూసుకుని, ఎప్పుడు లోపలికి తీసుకెళ్తారా అన్నట్టు కూర్చున్నాడు.

తాయారు సహనం నశించిపోయింది.

"అటూ ఒద్దు ఇటూ ఒద్దయితే కిందెట్టి తగలెయ్యండి! మీ అన్న కూకున్న పీట కింద!"

విసుగులో అన్న మాట! కానీ ఎల్లాజీ, జగన్నాధం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎల్లాజీ వంగి కుర్చీ కిందకి తొంగిచూశాడు. చక్రాలకీ చక్రాలకీ మధ్య కావలసినంత చోటుంది. ఇనప పట్టీతో ఉయ్యాల్లాంటి చట్రం వంచి, బుడ్డిని అందులో అడ్డంగా పడుకోబెట్టారు. మీట చేతికందేలా కుడికాలి పక్కకి తిప్పారు. గాజుసీసా మాత్రం నిలువుగా ఉండాలి గనక కుర్చీ చేతికి వేలాడదీశారు. జగన్నాధం అటకమీదనుంచి ఎడ్ల మెడలో గజ్జెలు కట్టే పాత తోలుపట్టీలు రెండు తెచ్చాడు. వాటికి బిగించే బకిల్సు కూడా ఉన్నాయి. వాటితో బుడ్డిని చట్రానికి బిగించేసరికి అది కుర్చీలో కలిసిపోయింది. తోస్తే తిన్నగా వెళ్ళింది. గుమ్మం దాటింది. వాకిట్లో చుట్టు తిరిగింది. నరసింగరావు కళ్ళు తెరిచి, చాలా రోజుల తర్వాత పైకి ఆకాశం వైపు చూశాడు.

"మన గట్టు మడి ఎలా పండినాదిరా?" అన్నాడు తమ్ముడితో.

తాయారు గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏం కొంపలు మునిగాయని ఏడుపని అత్తగారు ఆవుని అడుగుతుంటే కూడా ఆమెకి కోపం రాలేదు. ఆ రాత్రి నరసింగరావు అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

కొలత రోజు రానే వచ్చింది. తాయారు తెల్లవారగానే లేచి భర్తకి గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడిచి, ఉతికిన పంచె కట్టి, భుజం మీద కండువా వేసింది. బయటికి వచ్చేసరికి కుర్చీ వాకిట్లో సిద్ధంగా ఉంది. చక్రాలకి పసుపు, కుంకుమబొట్లు. పీటమీంచి కిందిదాకా జారేలా కొత్త దుప్పటి పరిచి ఉంది. అత్తగారు గోడకి ఆనుకుని ఎటో చూస్తోంది. నోట్లో చుట్ట కూడా లేదు! 'పోనీలే, మాట్లాడకపోయినా మనసు కరిగింది' అనుకుంది తాయారు. దుప్పటి ఎత్తి కింద చూడాలని ఆమెకి తోచనే లేదు.

కళ్ళానికి బండిబాట. ముందు జగన్నాధం కుర్చీ ఎత్తి గతుకులు దాటిస్తున్నాడు, వెనక తాయారు తోస్తోంది. అత్తగారు కాస్త ఎడంగా నడిచి వస్తోంది. కోసేసిన మళ్ళు రెండు పక్కలా పసుపుపచ్చగా ఎండలో మెరుస్తున్నాయి. దారిలో ఎవరో "నరసింగరావుబాబు వస్తన్నాడ్రోయ్!" అని కేకేస్తే అతను చెయ్యెత్తి ఊపాడు కూడా! తాయారుకి ఆ క్షణంలో ఎంత గర్వమనిపించిందో!

అంతలో కుడిచక్రం గాడిలో దిగబడింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. దుప్పటి కిందనుంచి ఏదో జారిన చప్పుడు... మరుక్షణం గాలి బుడ్డి బాటమీద పడి దొర్లుకుంటూ మడిలోకి దిగిపోయింది! గొట్టం సర్రున లాగేసి నరసింగరావు ముక్కుమీది తొడుగు ఎగిరిపోయింది.

"బావా!"

నరసింగరావు రెండు చేతులా గుండె పట్టుకున్నాడు. నోరు తెరిచాడు గానీ గాలి లోపలికి వెళ్ళడం లేదు. కళ్ళు పెద్దవయ్యాయి. తాయారు ఏం చేసిందో ఆమెకే తెలియదు. మడిలోకి దూకింది, వరి దుబ్బుల మధ్య పడి ఉన్న బుడ్డిని రెండు చేతులా ఎత్తింది, పరిగెత్తుకొచ్చింది, గొట్టం మళ్ళీ ఎక్కించి తొడుగు అతని ముక్కుకి అదిమిపట్టింది. సీసాలో నీళ్ళు బుడబుడమన్నాయి. "పీల్చు బావా... పీల్చు... నా తండ్రీ, పీల్చు..." ఒక ఊపిరి వచ్చింది. తర్వాత ఇంకొకటి. పెదాల నలుపు మెల్లగా తగ్గింది.

అప్పుడు తాయారు దుప్పటి ఎత్తి చూసింది. తోలుపట్టీలు లేవు. వాటి చోట పసుపు రాసిన కొత్త గోగునార తాడు. పసుపు తడికి ఇనుము మీంచి జారి ముడి వదులైపోయింది!

"ఎవరు కట్టేరిది?"

లక్ష్మీనరసమ్మ మొహం పాలిపోయింది.

"అత్తా! నువ్వేనా?"

"తోలు కల్లంలోకెల్తాదేటే?" ఆవిడ ఇన్నాళ్ళకి కోడలితో నేరుగా మాట్లాడింది. "సెప్పులిప్పి అడుగెట్టే సోటు! రాశి ముందరకి సచ్చిన గొడ్డు తోలట్టుకెల్తారా ఎవులైనా? నా కొడుక్కి కీడు తగలకూడదని... మంచి జరగాలని పసుపు రాసి..."

"ఎద్దులు తొక్కలేదేటి ఆ కల్లం? ఆటికి తోలు లేదా?"

"అది బతికున్న తోలే!"

"నాకు సెప్పాలి కదత్తా! ఒక్క మాట సెప్పాలి కదా!"

"నువ్వు నాతో మాటాడతన్నావేటే సెప్పడానికి!"

"మాట మానీసింది నువ్వా, నేనా? ఆవుతో సెప్పినావు, గోడతో సెప్పినావు, ఈ ఒక్క మాట నాతో సెప్పలేపోనావా! నీ ఆచారంతో నీ కొడుకుని నువ్వే సంపీసేదానివి!"

అనేసింది! అనకూడని మాట, కన్నతల్లిని ఎవరూ అనకూడని మాట తాయారు అనేసింది. జగన్నాధం తలదించుకున్నాడు. లక్ష్మీనరసమ్మ ముసలి కళ్ళు కొడుకు మొహం మీదే నిలిచిపోయాయి. అన్నాక తాయారుకీ గుండెలో కలుక్కుమంది గానీ, వెనక్కి తీసుకునే ఓపిక ఆమెలో మిగల్లేదు.

"పట్టీలెక్కడెట్టినావమ్మా?" జగన్నాధం మెల్లగా అడిగాడు.

"పెంటకుప్పలో పడీసినాను."

ఇంకేముంది! ఇంటికెళ్ళి వెతికి తెచ్చేసరికి మంచి గడియ దాటిపోతుంది. ఆ పసుపు తాడు మళ్ళీ కట్టినా నిలవదు. గతుకుల్లో కుర్చీకి ముందొక మనిషి, వెనకొక మనిషి ఉండాల్సిందే, ఇంక బుడ్డినెవరు మోస్తారు? జగన్నాధం కాసేపు నసిగి, "అన్నా... ఈ ఏటికి నేను కొల్సీసొస్తాను. వొదినా నువ్వూ ఇంటికెల్లిపొండి" అన్నాడు.

నరసింగరావు తల ఊపాడు. ఊపి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. గోడ లేదు గనక మడివైపు తిప్పుకున్నాడు, అంతే తేడా! ఇన్ని రోజులు వాళ్ళతో వీళ్ళతో పోట్లాడి, ఏడ్చి, ఇనప కొక్కేలు బిగించి, ఇంతదూరం లాక్కొస్తే... చివరికి మళ్ళీ ఆ గది, ఆ మంచం. కుర్చీ వెనక్కి తిప్పడానికి తాయారు చెయ్యి వేసింది.

"ఆగు" అంది లక్ష్మీనరసమ్మ.

ఆవిడ చీరకొంగు నడుముకి బిగించింది. వంగింది. బుడ్డిని రెండు చేతులా ఎత్తి ఎడమ చంకన వేసుకుంది. నీళ్ళబిందెలు మోసి మోసి అరిగిన నడుము అది. బరువుకి ఒక పక్కకి వంగిపోయినా, నిలదొక్కుకుంది. గొట్టం లాగకుండా కుర్చీకి దగ్గరగా వచ్చి నిలబడింది.

"ఈడినెత్తుకుని కల్లానికి తెచ్చిందాన్నే నేను. అప్పుడు ఈడిది ఇంతే బరువు. తొయ్యవే" అంది.

తాయారు తోసింది. జగన్నాధం ఎత్తినప్పుడల్లా ముసలావిడ ఆగడం, దించినప్పుడల్లా కదలడం. దారి పొడుగునా ఆవిడ ఆయాసం ఒక పక్క, కొడుకు ఆయాసం ఒక పక్క వినపడుతూనే ఉన్నాయి. "ఓసారి దించుకోత్తా" అని తాయారు రెండుసార్లు అంది. ఆవిడ వినిపించుకోలేదు. ఎంత మొండి మనిషి!

కళ్ళం వచ్చింది. పేడతో అలికిన నేల మధ్య బంగారు రాశి. రాశి ముందు కుంచం బోర్లించి ఉంది. జగన్నాధం చెప్పులు విప్పాడు. చక్రాలకి అంటిన మట్టి తుడిచాడు. కుర్చీ అంచు దాటి లోపలికి రెండడుగులు కదిలింది... ఆగిపోయింది. గొట్టం బిగిసింది.

లక్ష్మీనరసమ్మ అంచు దగ్గరే ఆగిపోయింది!

తాయారుకి అప్పుడు తట్టింది. మామగారు పోయిన నాటినుంచీ అత్తగారు మొదటి కుంచం పడకముందు కళ్ళంలో అడుగుపెట్టలేదు. ఎవరూ రావద్దనలేదు. ఆవిడే గడ్డివాము వెనక నిలబడి, కొలత మొదలయ్యాక వచ్చేది. బొట్టులేని ఆడది రాశికి ఎదురు రాకూడదని ఆవిడ తనకి తనే పెట్టుకున్న నియమం. ఏటా ఆ వాము వెనకనుంచి ఒక్కర్తే తొంగిచూస్తూ నిలబడిన అత్తగారిని తాయారు ఎన్నిసార్లు చూసిందో! చూసింది గానీ ఏనాడూ ఆలోచించలేదు.

"అందుకోవే తాయారూ" ఆవిడ బుడ్డిని ముందుకి చాపింది. కళ్ళు దించేసుకుంది. "నేను రాకూడదు. నువ్వట్టుకెల్లు."

పాలేరు సోములు "నేనట్టుకుంటానమ్మా" అని ముందుకొచ్చాడు. తాయారు కంటిచూపుతోనే అతన్ని ఆపేసింది. తను చెయ్యి చాపింది. చాపిన చెయ్యి తిప్పి తన నడుం మీద వేసుకుంది.

"నాకు నడుం పట్టీసినాదత్తా. నేనెత్తలేను. నువ్వే రా."

"ఏటే! ఇప్పుడు కదేటి మడిలోంచి ఎత్తుకొచ్చినావు!"

"అందికే పట్టీసినాది."

"నేనెలా వస్తానే... ఏడాది పంటే... నా కాలు..."

"నీ కొడుక్కి ఊపిరి కావాలా, ఒద్దా?"

నరసింగరావు ముక్కుమీది తొడుగు పక్కకి జరిపాడు. "అమ్మా... రా" అన్నాడు.

ముసలావిడ కొడుకుని చూసింది. కోడల్ని చూసింది. ఆ నడుంనొప్పి ఎంతవరకు నిజమో ఆవిడకి తెలుసు. తెలుసని తాయారుకీ తెలుసు. లక్ష్మీనరసమ్మ కన్నీళ్ళు బుగ్గల మీదుగా జారి బుడ్డి మీద పడుతుంటే, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేసి, కుడికాలు ముందు పెట్టి కళ్ళంలోకి వచ్చింది.

జగన్నాధం అన్న వీపుకి చెయ్యి ఆనించాడు. నరసింగరావు ముందుకి వంగి, రెండు చేతులతో కుంచం రాశిలో ముంచాడు. సగం నిండింది. మళ్ళీ ముంచాడు. అరచేత్తో పైన నిమిరి సమం చేశాడు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఎవరూ ఒకటి అనరు. దానికి వేరే మాటుంది. ఆ మాట కోసం కళ్ళంలో అందరూ ఊపిరి బిగబట్టారు.

"లాభం!" అన్నాడు నరసింగరావు.

చిన్న గొంతే! కానీ ఆ గొంతు పెద్దకొడుకుది. కుంచం గోనెలో పడిన చప్పుడుకి తాయారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. అతను తొడుగు మళ్ళీ పెట్టుకుని, నాలుగు ఊపిర్లు తీసుకుని, కుంచం తమ్ముడి చేతికిచ్చాడు.

"నువ్వు కొలు. నేను సూస్తంటాను. కుంచం మీద తలకట్టు సరిగ్గా నిమిరి తియ్యకపోతే ఊరుకోను, తెలిసినాదా?"

"తెలిసినాదన్నా!" జగన్నాధం నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

సోములు గోనెపట్టా తెచ్చి వేస్తే లక్ష్మీనరసమ్మ దాని మీద కూలబడింది. బుడ్డిని మాత్రం ఒళ్ళోంచి దించలేదు. తాయారు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. బాటమీద అన్న ఆ పాడుమాట ఆమెని వదల్లేదు.

"అత్తా... నేనన్న మాట..."

"ఊరుకోవే. కోపంలో నేను మాత్రం ఎన్నన్లేదు ఆ ఆవుతో!" ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "నీ నడుమెలా ఉన్నాది?"

"తగ్గిపోయినాదత్తా."

"బేగి తగ్గిపోయినాదే!"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది, ఒక్కసారే ఏడుపూ వచ్చింది. నరసింగరావు తలతిప్పి వాళ్ళిద్దర్నీ చూసి, ఏమైందన్నట్టు కనుబొమలెత్తాడు. ఎవరూ చెప్పలేదు.

కొలత సాగుతోంది. ముసలావిడ బుడ్డి చల్లదనం చెంపకి ఆనించుకుని, కొడుకు ఊపిరి లోపలికి వెళ్ళడం, బయటికి రావడం అదే పనిగా చూస్తూ కూర్చుంది. కాసేపటికి గొంతు తగ్గించి అంది.

"ఆ పట్టీలు నేనే ఎతికి కడిగిస్తాను. ఇంటికాడ ఆటితోనే కట్టు, గట్టిగున్నాయి. కల్లానికి మాత్రం ఒద్దు. కల్లానికి ఏటేటా నేనెత్తుకుంటాను."

ఏటేటా! విజయనగరం డాక్టరుగారి నోట వచ్చే ఏడనే మాట తాయారు ఒక్కసారి కూడా వినలేదు. అడిగే ధైర్యం ఆమెకి లేకపోయింది, చెప్పే ధైర్యం ఆయనకీ లేకపోయింది. ఆ సంగతి అత్తగారికి తెలియదా? తెలిసే అంటోందా? ఇన్నాళ్ళూ ఆవిడ ఏ మాటన్నా ఎదురు మాట సిద్ధంగా పెట్టుకున్న తాయారు, ఆవిడ మొహంలోకి చూసి, బుడ్డికి ఒక పక్కన తన చెయ్యి కూడా వేసి పట్టుకుంది.

"అలాగే అత్తా. ఏటేటా నువ్వే ఎత్తుకో" అంది.